ఆరేసి నిమిషాలు

రాచ్‌డేల్‌లో మూతబడ్డ చెప్పుల కొట్టు పైన
మోరీన్ హెస్కెత్ లా ఆఫీసు.
ఆడిట్‌కి ఇంకా తొమ్మిది రోజులు.
నా పని తప్పులు పట్టడం. రోజుకింతని తీసుకుంటాను.

ఈ ఫైల్లో జీతం చీటీ లేదు.
ఇందులో సంతకముంది, తేదీ లేదు.
ఈ బిల్లుకి కోత ఖాయం, ఇది తిరుగుటపాలో వస్తుంది.
పసుపు చీటీలు అంటించుకుంటూ పోతే
సాయంత్రానికి బల్ల
పండగనాటి గడపలా తయారైంది.

లీగల్ ఎయిడ్ లెక్కలో కాలమంటే
ఆరేసి నిమిషాల ముక్కలు.
ఉత్తరం ఒక ముక్క. ఫోను ఒక ముక్క.
ష్వాన్ అనే కుర్దు మనిషి ఫైల్లో, మార్చి పద్నాలుగున,
నలభై ఎనిమిది నిమిషాలకెదురుగా
ఏమీ రాసి లేదు.

"ఇదేమిటి?" అన్నాను.
మోరీన్ కెటిల్ వైపు తిరిగింది.
"ఆ పొద్దున సామాను రోడ్డు మీద పడేశారు.
వచ్చి ఆ కుర్చీలో కూచున్నాడు.
అతనేం మాట్లాడలేదు. నేనూ."

ఎనిమిది ముక్కలు.
ఏ పద్దులో వెయ్యమని చెప్పను?
కొట్టెయ్యమన్నాను. సరైన సలహా అదే.

బస్‌స్టాప్‌లో సన్నటి వాన.
నా గంటలు రాసుకుంటున్నాను.
కెటిల్ చప్పుడాగాక మేమిద్దరం
ఊరికే నిలబడ్డ ఆ కాసేపు
ఉంచాలో తియ్యాలో తేలక
ఒక బస్సు వదిలేశాను.