రెండో నంబరు

మూడు నెలలకొకసారి ఈ కాగితం పైకి పోవాలి.
ఫ్యాక్టరీ పేరు, కర్నూలు జిల్లా,
క్లోరిన్ టన్నర్లు తొమ్మిది,
పల్లానికి ఆడపిల్లల హాస్టలు, అర కిలోమీటరు.
అడుగున చిన్న గడి:
ఏమన్నా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి?

నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న మద్దిలేటి సారు
ఆ గడిలో ఆరేండ్లు ఒకటే మాట రాసినాడు.
మార్పు లేదు.
ఆ ఆరేండ్లలో హంద్రీ రెండుసార్లు పొంగింది,
ముగ్గురు మేనేజర్లు మారినారు,
సారుకు చక్కెర జబ్బొచ్చి ఒక వేలు తీసేసినారు.
మార్పు లేదు.
పోయినసారి నేనూ అదే రాసినా.

రోహిణి కార్తె. గేటు బోర్డుకు రంగేయను వచ్చిన
హుసేన్ పీరా నిచ్చెన మీంచి అరిచినాడు:
"మేడం, ఈడ ఒకటా, ఏడా?"
ఎండకు అంకె తల రాలిపోయింది.
ఫైల్లో జిరాక్సుకు జిరాక్సు, అందులోనూ మసకే.
తెలుసుకునేదానికి ఒకటే దారి.

ఏడు అనుకుని కొట్టినా.
"బాక్సు నూటనలభై. తగ్గిస్తే లారీ పంపియ్యను."
వెనక టమోటా బాక్సులు దించే చప్పుడు.
పత్తికొండ మార్కెట్టంట. పేరు కౌలుట్లయ్య.
సిమ్ము తీసుకుని నాలుగేండ్లంట.

"మీ నంబరు మా గేటు మీదుందప్పా" అన్నా.

"మీరేనా!" అన్నాడు,
ఎగ్గొట్టిన బాకీదారు ఎదురుపడినట్టు.
బాక్సుల చప్పుడికి దూరంగా నడిచినట్టున్నాడు.

"రెండేండ్ల కింద, ఆషాఢంలో,
రాత్రి రెండున్నరకు ఎవరో పిల్లోడు చేసినాడు.
దగ్గు, దగ్గు. సార్, వాల్వు కాడ వాసనొస్తాంది అన్నాడు.
ఏం వాల్వు నాయనా, నేను టమోటాలోన్ని అన్నా.
వానికి ఇనపల్యా. ఏం జేయాల సార్, ఏం జేయాల సార్.
నాకేం తెలుసమ్మా?
చేన్లో మందు కొట్టేటప్పుడు గాలి సూసుకుంటాం గదా,
అదే చెప్పినా.
గాలి ఏపు నుంచి వస్తాందో ఆ ఏపుకు నడువు, మిట్టెక్కు అన్నా.
మిట్టెందుకన్నానో దేవునికెరుక.
ఫోన్ పెట్టొద్దు, మాట్లాడతానే ఉండన్నా.
పదకొండు నిమిషాలు.
నేను మా చేను గురించి చెప్పినా, ఎద్దు గురించి చెప్పినా.
ఊపిరి వినపడతాండె. ఆ పైన కట్టయిపాయ.
మళ్ళీ చేస్తే ఎత్తల్యా.

బతికినాడా, అమ్మా?"

రిజిస్టరు తీసినా.
ఆ ఆషాఢంలో ముప్పై రాత్రులకూ
ఒకే చేతిరాత, ఒకే సిరా, ఒకే పూట కూర్చుని రాసినట్టు:
విశేషాలు లేవు.

ముసలి వాచ్‌మన్ బీడీ ఆర్పి అన్నాడు,
"ఉండె ఒక పిల్లోడు, కోసిగి దిక్కునుంచి, ముఠాలో వచ్చినాడు.
పేరు మేస్త్రీకి తెలిసుండాల."
మేస్త్రీ నంబరు ప్రస్తుతం ఉపయోగంలో లేదు.
మేనేజరు నంబరుకు చేస్తే
మీటింగులో ఉన్నానని మెసేజొచ్చింది.

కాగితం ముందు చాలాసేపు కూర్చున్నా.
ఎన్నిసార్లు చూసినా అది గడే, పది అంకెలు పట్టేంత.
ఆ గడికి అవతల
ఎవరో ఒకరు నిద్ర లేవాలని
ఇన్నాళ్ళూ నాకు తోచలేదు.

ఫైరు స్టేషనుకు చేసినా, ఎత్తినారు.
ఆస్పత్రికి మూడోసారి ఎత్తినారు.
హాస్టలు వార్డెనమ్మ భయపడింది, సర్ది చెప్పినా.
ఒక్కొక్క గొంతు విన్నాకే ఒక్కొక్క అంకె రాసినా.

"రెండోది ఎవరిది రాయాల మేడం?"
హుసేన్ పీరా కుంచె నుంచి ఎర్ర రంగు
నిచ్చెన మెట్టు మీద కారుతోంది.
నా నంబరు చెప్పినా.
"చివరి అంకె ఒకటి. ఏడు గాదు.
తల పెట్టొద్దు."

రంగు ఇంకా ఆరలేదు.
రాత్రి ఎనిమిదికి, అన్నం ముందు కూర్చున్నప్పుడు, మోగింది.
"తెలిసిందా అమ్మా?"
"ఇంకా లేదప్పా."
"సరే. రేపు చేస్తా" అన్నాడు కౌలుట్లయ్య.