గీత మందం

ముప్పై ఏళ్లు ప్లానింగ్ ఆఫీసులో
పటాలకు రంగులేశాను.
ఇళ్లకు పసుపు, ఫ్యాక్టరీలకు ఊదా, నీళ్లకు నీలం.
నీలం సీసా ఎండిపోయేదే గాని
ఎప్పుడూ అయిపోయేది కాదు.

కెంచనకెరె దగ్గర కుంచె ఆగినప్పుడు
సాహెబు నా భుజం మీంచి వంగి అన్నాడు,
"ఇక్కడ నీళ్లెక్కడున్నాయప్పా?"
నిజమే. ఆ వేసవిలో పోయి చూశాను.
తుంగ దుబ్బులు, నెర్రెలు,
పిల్లలు వికెట్లని పాతిన మూడు కట్టెలు.
నీలం మీద పసుపు పూస్తే
కాసేపు పచ్చగా కనిపించింది.
ఆరాక రెండో పూత వేశాను.

మొన్న సెప్టెంబరు రాత్రి
నీళ్లు పాత పటం పట్టుకుని వచ్చాయి.

ఇప్పుడు కొత్త చట్టం.
రాజకాలువె నడిమినుంచి ఇటిన్ని మీటర్లు, అటిన్ని.
పాత గీతలు నీకే తెలుసని
రిటైరైనవాణ్ని పిలుచుకొచ్చారు.
సర్వేయరు గొలుసు సందులోకి దిగింది.
వెనకే ఒక కుర్రాడు, ఎర్ర పెయింటు డబ్బా.
కట్ట మీది ఏడంతస్తుల గాజుమేడకు
కోర్టు స్టే ఉందట,
గొలుసు అక్కడ ఒద్దికగా పక్కకు తిరిగింది.

జాకెట్లు కుట్టే మునిరత్నమ్మ
క్రయపత్రం తెచ్చింది.
తడిసిన కాగితాలు పెనానికి అతుక్కున్న అట్టులా
ఒకదాన్నొకటి వదలడం లేదు.
"ఈ సీలు మీ సర్కారోళ్లదే కదన్నా?
గీత యాడుండాది?
మా ఇంటికి ఆ పక్కనా, ఈ పక్కనా?"

పటం ఆమె కుట్టుమిషను మీదే పరిచాను.
స్కేలు నాలుగు వేలకు ఒకటి.
నా పెన్సిలు గీత మందం అర మిల్లీమీటరు,
నేల మీద అది రెండు మీటర్లు.

ఆమె మెళ్లో టేపు తీసి
వంటిల్లు అడ్డంగా రెండుసార్లు పరిచింది.
ఆరడుగుల ఏడంగుళాలు.

"అయితే ఇన్నేండ్లూ గీత లోపలే
వండుకు తింటిమి" అని నవ్వింది.
సర్వేయరు ఫోను చూసుకున్నాడు.

గోడ మీద నీళ్లు వదిలిన బురద చార,
నా చేతికి ఎన్నడూ రానంత తిన్నగా,
మిషను చక్రం దాకా.
చట్టం తప్పని అనలేను.
ఈ వాన మళ్లీ వస్తుంది.
పసుపు పూసిన చెయ్యి మాత్రం
జేబులో పెట్టుకున్నాను.

కుర్రాడు కుంచె ముంచి నా వైపు చూశాడు.

ఆమె దారపు డబ్బాలో వెతుకుతోంది.
"ఆ పెన్సిలు ఇట్ల ఇయ్యన్నా,
బ్లేడుంది,
సన్నంగా మొన తీసిస్తా."