వీపుల జాబితా

పేపరు వాళ్ళకంటే రెండు రోజుల ముందే
జట్టు నాకు తెలుస్తుంది.
బ్రాడీపేటలో మెట్ల కింద షాపు నాది.
ఫోన్లోకి జాబితా వచ్చి పడింది:
ఇరవై పేర్లు, ఇరవై నంబర్లు, ఇరవై కొలతలు.
అడుగున ఒకే మాట, అర్జెంటు.

మన గుంటూరు ఇగ్నైటర్స్‌కి ఈసారి మిరపపండు రంగు.
పోయినేడు పసుపు. ఆఖరి స్థానం.
క్యాచులు జారవిడిచిన చేతుల్ని ఉంచుకుని
రంగుని తీసేశారు.

ప్రెస్సు వేడి నూటయాభై, పన్నెండు సెకన్లు.
బయట రోహిణి కార్తె,
లోపల నేనూ ఫ్యానూ ఒకే గాలిని తిప్పి తిప్పి వాడుకుంటున్నాం.

వేలంలో ఎవరెంత పలికారో నన్నడక్కండి.
నా దగ్గర ఇంగ్లీషు అక్షరానికి పద్నాలుగు రూపాయలు.
కెప్టెన్ గోపి నాలుగక్షరాలు, యాభయ్యారు.
తొమ్మిదో నంబరులో బ్యాటుచ్చుకుని వచ్చే
రేపల్లె ఏసుపాదం, నూట ఇరవయ్యారు.
నా లెక్కలో జట్టులో ఖరీదైనవాడు అతనే.
ఆఖరి ఓవర్లో పన్నెండు కావాల్సినప్పుడు
మీరూ ఒప్పుకుంటారు.

కొలతలు అబద్ధమాడవు.
కీపర్ సుభాని పోయినేడు నలభై, ఈసారి నలభై నాలుగు.
కాళ్ళ పక్కనుంచి జారే బంతులకి
బై పరుగులు రాసిపెట్టుకోండి.
పెదకాకాని పేసరు మాత్రం
నిండు చేతుల చొక్కా కావాలన్నాడు, ఈ ఎండల్లో.
భుజం మీద పట్టీ నేను చూశాను.
రేపు పేపర్లో ‘పూర్తి ఫిట్’ అని వస్తుంది.

ముగ్గురు స్పిన్నర్లు, ముగ్గురూ ఎడమచేతివాళ్ళే.
ఎవరు కొన్నారో గాని
ఒకే కాలి చెప్పులు మూడు కొన్నట్టుంది.
బెజవాడ వాళ్ళ బలం నాకు తెలీదు,
వాళ్ళు తిరుపూర్‌లో కుట్టించుకుంటారు.

ఎడమచేతుల మధ్య ఒక్క కుడిచెయ్యి, అరవై మూడు.
మంగళగిరి కుర్రాడు, జొన్నాదుల కిరీటి.
మూడేళ్ళుగా నెట్స్‌లో అందరికీ బంతులేసి
జాబితాలోకి ఇదే మొదటిసారి.
నిన్న సాయంత్రం షాపుకొచ్చాడు.
“ఒక్కసారి తొడుక్కుని చూడనా ఆంటీ?”
కుదరదన్నాను, కంపెనీ సరుకు.
ఏడక్షరాల మీద వేలు పెట్టి,
చురుక్కుమంటే తీసేసి, నవ్వి,
బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

రాత్రి పదకొండింటికి మేనేజరు:
“మస్తానమ్మా, అరవై మూడు మారింది.
కిరీటి బదులు విహాన్. సైజు అదే.
కొత్త చొక్కాకి బడ్జెట్ లేదు, పేరు పీకెయ్.”
విహాన్ ఎవరో, ఎవరి తాలూకో,
అక్షరం రేటులో ఆ సమాధానం ఉండదు.

ఆవిరి పట్టి, పట్టకారుతో
ఒక్కో అక్షరం అంచు లేపాను.
వేయడానికి పన్నెండు సెకన్లు, తీయడానికి ముప్పావుగంట.
ఏడక్షరాల చోట అయిదే కూర్చున్నాయి.
అటో నీడ, ఇటో నీడ మిగిలాయి,
చెమట పడితే ఇంకా తేలతాయి.
శుక్రవారం లైట్ల కింద అతను బౌండరీ దగ్గర వంగినప్పుడు
ఎవరికీ కనపడదు.
నాకు కనపడుతుంది.

పన్నెండక్షరాలకి బిల్లు పెడితే
ఏడు కొట్టేశాడు మేనేజరు.
పీకినవాటికి డబ్బులేంటట!

ఇందాక షట్టరు సగం దించుతుంటే కిరీటి.
చంకలో తెల్లటి బనీను, ఉతికి మడత పెట్టింది.
“అరవై మూడు వేయండి ఆంటీ.”
పేరో?
“వద్దు. నంబరు చాలు.
రేపు ఆరింటికి నెట్స్ ఉన్నాయి,
విహాన్‌కి ఆఫ్ స్పిన్ ఆడటం రాదంట.”

అంకెకి ఇరవై. నలభై లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.
తీసుకున్నాను, తీసుకోకపోతే చొక్కా వదిలేసి పోయేట్టున్నాడు.

పన్నెండు సెకన్లు.
మూత లేపీ లేపకముందే లాక్కుని
కాలుతుండగానే తొడుక్కున్నాడు.