ఊరికే

గుండె పట్టేసినాదని పీణ్య ఈఎస్‌ఐకి పోతే
ఈసీజీ తీసి, బంగారం లాంటి గుండె అన్నారు.
బంగారమైతే ఇట్లా ఎందుకు కొట్టుకుంటాది?

గంటకు నూట ఇరవై కాలర్లు కుట్టాల.
నూట పది దాటినాక చేతులు చల్లబడతాయి.
చీటీ డబ్బు, పాప ఫీజు, బాడిగ,
ఏదీ గుర్తుకు రాకపోయినా సరే
గాలి గొంతు దాకా వచ్చి
ఐడీ కార్డు మర్చిపోయిన మనిషి మాదిరి
గేటు కాడే నిలబడిపోతాది.

పై అంతస్తులో మనసు డాక్టరమ్మ
కన్నడంలో మొదలుపెట్టి
నా మొహం చూసి తెలుగులోకి దిగింది.
"ఊపిరిని చూడు గంగరత్నా.
మార్చొద్దు, ఆపొద్దు. ఊరికే చూడు."

ఊరికే.
మా ఇంట్లో అది తిట్టు.
ఊరికే కూచున్నావా, ఊరికే తింటున్నావా.
ఊరికే ఉండలేకనే కదా
మడకశిర బస్సెక్కి ఇంత దూరం వచ్చింది.

శుక్రవారం కంపెనీలో ధ్యానం పెట్టినారు.
ఆలోచనలు మబ్బులనుకోండి, పోనీండి అని మైకులో ఎవరో.
కాలర్ లైనంతా కళ్ళు మూసింది, సగం లైను గురక పెట్టింది.
ఆ పది నిమిషాల కాలర్లు
ఆరు దాటినాక కుట్టించుకున్నారు.

మంగళవారం నా బండిల్ తిరిగొచ్చింది.
కుట్టు వంకర, అన్నీ విప్పమన్నాడు సూపర్‌వైజరు.
కుట్టేదానికి ఉండాది గానీ
విప్పేదానికి టార్గెట్ లేదు.
మొన దూర్చి ఒక కుట్టు తెంపితిని.
ఇంకొకటి.
తెగిన దారం వేలి మీద, బరువే లేకుండా.
అప్పుడు కనపడింది అది,
ముక్కు కొస కాడ చల్లగా లోపలికి,
కొంచెం వెచ్చగా బయటికి.
ముప్పై నాలుగేండ్లుగా
ఓవర్‌టైము కూడా అడక్కుండా
పని చేస్తా ఉండాది, పాపం.
ఊరికే చూస్తా కూచుంటిని.

భయం పోయిందా అని అడుగుతాది డాక్టరమ్మ.
పోలేదు మేడమ్.
రాత్రి అర మాత్ర ఇంకా వేసుకుంటానే ఉండాను.
కాకపోతే చేతులు చల్లబడతానే
వచ్చినావా, అంటా లోపల్లోపలే.
నిన్న కూడా వచ్చింది.
నాలుగు కాలర్లంత సేపు కూచొని పోయింది.

ఆ నాలుగూ వంకరే.
మళ్ళా విప్పాల.