ఇంటిపేరు లేని వరుస

సోహార్‌లో గురువారం రాత్రి పదకొండు.
ఏసీ కింద పెట్టిన పెయింటు డబ్బా
మూడోసారి నిండింది.
ఆరువందల పన్నెండు మంది జీతాల ఫైలు
బ్యాంకుకు వెళ్లాలి.
వెళ్లడం లేదు.

మొదట పోర్టు.
ఎనిమిదివేల ఎనభై ఖాళీ లేదంది సర్వరు.
కిటికీలోంచి చూస్తే అసలు పోర్టులోనూ అంతే,
దీపాలు వేసుకుని ఓడలు బయటే ఆగి ఉన్నాయి.
నిన్న చంపాననుకున్న ప్రోగ్రాం చావలేదు,
చడీచప్పుడు లేకుండా
రేవు పట్టుకుని కూర్చుంది.
నంబరు వెతికి మళ్లీ చంపాను.
ఈసారి పోయిందో లేదో రెండుసార్లు చూశాను.

తర్వాత రెండు క్లాసుల పేచీ.
జీతం లేవాలంటే హాజరు కావాలి,
హాజరు లేవాలంటే జీతం కావాలి.
పెళ్లయితేగాని పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు.
స్ప్రింగ్ ఈ సామెత విన్నట్టు లేదు,
అదే ముక్క పేజీడు ఇంగ్లీషులో చెప్పి
చేతులెత్తేసింది.
మధ్యలో మూడో క్లాసు ఒకటి రాసి
ఇద్దరికీ కావాల్సింది దాని చేతికిచ్చాను.
పెద్దమనిషి కూర్చుంటేగాని తీరని తగువులుంటాయి.

కాన్ఫిగరేషన్‌లో ఒక స్పేసు ఎక్కువ పడింది.
దాని గురించి చెప్పను, సిగ్గు.
నలభై నిమిషాలు.

ఒంటిగంటకు లేచి నిలబడింది.
ఒకటి, రెండు, యాభై, రెండొందలు,
మూడువందల పదకొండో మనిషి దగ్గర
కూలబడింది.
తెర నిండా ఎర్రటి అక్షరాలు.
గుమ్మడికాయల దొంగ ఎవరంటే
డెబ్భై లైన్లూ భుజాలు తడుముకున్నాయి.
వాటిలో నేను రాసింది ఒక్కటే:
ఇంటిపేరు తీసుకుని
ముందూ వెనకా ఖాళీలు కత్తిరించు.

ఇంటిపేరు లేదు.
నల్.
సున్నా కాదు. సున్నాకైతే
గుండ్రటి గోడైనా ఉంటుంది.

పాస్‌పోర్టు స్కాన్ తెరిచాను.
దుబ్బయ్య. అంతే.
పక్క గడిలో ఎవరూ ఏమీ రాయలేదు.
జగిత్యాల దగ్గర ఊరు, స్కఫోల్డింగ్ పని,
ఆరేళ్లుగా ఇక్కడే జీతం తీసుకుంటున్నాడు.
మరి ఇన్నాళ్లూ ఎలా?

పాత డేటాబేసు తవ్వాను.
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న షాజీ
ఆ గడిలో ఒక చుక్క పెట్టాడు.
ఆరేళ్లు, దుబ్బయ్య చుక్క అనే మనిషి
నలభై ఆరు డిగ్రీల ఎండలో
ఇనప గొట్టాలు బిగించాడు.
కొత్త సిస్టంలోకి మార్చేప్పుడు
చెత్త అనుకుని చుక్కలన్నీ ఊడ్చింది
నేనే.
అందర్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టిందీ నేనే.
ఒకడి దగ్గర తెగితే మొత్తం వెనక్కి,
మూడువందల పది మందికి వేసిన జీతం
వేయనట్టే.

"ఖల్లివల్లి, ఆ చుక్క మళ్లీ పెట్టేయ్"
అన్నాడు ఫోన్లో, నిద్రగొంతుతో, ఖల్ఫాన్.
మంచి మేనేజరే. తప్పేం చెప్పలేదు.
నిమిషం పని.
వేలు ఆ కీ మీద పెట్టాను కూడా.

తీసేసి నాలుగు లైన్లు రాశాను:
ఇంటిపేరు ఉంటేనే అడుగు,
లేకుంటే ఉన్న పేరుతోనే పిలువు.
ఇంకోసారి విరగకుండా ఒక టెస్టు రాసి
దానికి దుబ్బయ్య అని పేరు పెట్టాను.
పచ్చగా వెలిగింది.
మూడూ పదికి బ్యాంకు ఫైలు అందుకుంది.
పెయింటు డబ్బా పారబోసి
లైట్లార్పాను.

ఆదివారం సైటు గేటు దగ్గర
బస్సు దిగుతుంటే గుర్తుపట్టాను,
స్కాన్‌లో కన్నా బక్కగా ఉన్నాడు.
"అన్నా, మీ ఇంటిపేరేంటి?"
"ఎందుకు మేడం, పైసలు పడ్డయి గద!"
నవ్వాడు. హెల్మెట్ సర్దుకుని
పేరు చెప్పాడు, నాలుగక్షరాలు,
ఎవరో చాలాకాలం తర్వాత అడిగినట్టు
నెమ్మదిగా.

గడిలో రాయడానికి వీల్లేదు,
పాస్‌పోర్టులో లేదు.
టెస్టు పైన కామెంటుగా రాసుకున్నాను.
కామెంట్లను కంపైలరు చదవదు.