నాలుగు పాయింట్ రెండు

పొద్దున్న తొమ్మిదింటికి నాలుగు పాయింట్ రెండు.
సాయంత్రం నాలుగింటికి నాలుగు పాయింట్ ఏడు.
ఇరవయ్యారేళ్ళుగా నేను రాస్తున్న పద్యం ఇదే.
రెండుకి కిందికి దిగకూడదు, ఎనిమిది దాటకూడదు.
గణం తప్పితే మందు చస్తుంది.

జాలరిపేట ఆరోగ్య కేంద్రం, వెనక గది.
కిటికీ తీస్తే ఎండుచేపల వాసన,
మూస్తే స్పిరిట్ వాసన.
మధ్యలో టీకాల ఫ్రిజ్జు.
కొత్త డాక్టరుగారు ఓసారి పెరుగన్నం డబ్బా అందులో పెట్టబోయి
నా మొహం చూసి
బల్ల మీదే పెట్టుకున్నారు.

నేను చేరిన కొత్తలో గాజు సిరంజిలు,
స్టవ్వు మీద తెర్లే నీళ్ళు.
ఆ ఆవిరి మచ్చ మణికట్టు మీద ఇంకా ఉంది.
ఇప్పటి సూది ఒక్కసారి గుచ్చగానే
తనకు తానే తాళం వేసుకుంటుంది,
ఇంకొకరి ఒంట్లోకి పోనంటుంది.
అప్పుడు మూడు జబ్బులకు ఒక సూది,
ఇప్పుడు అయిదింటికి ఒకటే.
తల్లులు లెక్కపెట్టేది జబ్బుల్ని కాదు, ఏడుపుల్ని.
ఒక్క ఏడుపు తగ్గినందుకు
మొహం తెలియని ఏ శాస్త్రవేత్తకో
ఈ పేటలో రోజూ ఒక దణ్ణం జమ అవుతుంది.

ఆ ఏడాది తుఫానుకి
కైలాసగిరి చెట్లన్నీ ఒకే పక్కకి దువ్వినట్టు పడుకున్నాయి.
రెండు రోజులు ఫ్రిజ్జు మూత తియ్యలేదు.
మూడో రోజు ముల్లు ఏడున్నర మీద నిలబడి
నన్నే చూస్తోంది.
జనరేటరుకి డీజిల్ లేదు,
డీజిల్ ఉన్నవాడికి రోడ్డు లేదు.

సూరాడ లోవరాజు వచ్చాడు.
రిక్షా మీద గోనెపట్టా, దాని కింద
హార్బరు మిల్లులో మిగిలిన ఐసు దిమ్మ.
"సేపల్లేవు, ఐసేటి సేసుకుంటాం?
నీ మందులకెయ్యి."
అంతకు ముందు నెల
పాపకి టీకా జ్వరం వచ్చిందని
నా గుమ్మం ముందు నిలబడి తిట్టినవాడే.
జ్వరం చుక్కలిచ్చి పంపాను, తెల్లారేసరికి తగ్గింది.
అతను క్షమాపణ అడగలేదు,
నేను ఎదురు చూడలేదు.

ఐసు కొట్టి పెట్టెలో పొయ్యబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.
"నేరుగా వద్దు. గడ్డకట్టినా పాడైపోతుంది."
"సేప కన్నా సుకుమారమా?"
"సచ్చిన సేపకి ఎంత ఐసైనా సరే.
ఇది రేపు ఒకర్ని బతికించాల."

నీళ్ళ పొట్లాల్ని ఉప్పు చల్లిన ఐసులో పాతాం.
గట్టిపడ్డాక తీసి బల్ల మీద పెట్టాం.
"చెమట పట్టాలి. ఆడిస్తే లోపల నీళ్ళు పలకాలి.
అప్పుడే మందు పక్కన పెట్టాలి."
సముద్రం మీద పెరిగినవాడు
ప్లాస్టిక్ పెట్టెలో గుక్కెడు నీటి చప్పుడు కోసం
చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి
విన్నాడు.

సీసా మీద చిన్న బొట్టుంటుంది,
ఊదా వలయం, నడుమ తెల్ల చదరం.
వేడి తగిలిన కొద్దీ చదరం ముదురుతుంది.
రెండూ ఒకటే రంగైతే పారెయ్యాలి.
అబద్ధమాడటం చేతకాని బొట్టు.
ఆ రాత్రి టార్చి వెలుగులో
ఒక్కో సీసా తిప్పి చూశాం.
పదకొండు పోయాయి.
మిగతావి తెల్లగానే ఉన్నాయి.
బుధవారం, పడిన స్తంభాలు దాటుకుంటూ
పద్నాలుగు మంది తల్లులు వచ్చారు.

మొన్న బడిలో పదేళ్ళ సూది.
వరసలో లోవరాజు కూతురు మేఘన,
పెదవి కొరుక్కుంటూ అడిగింది,
"ఇది దేనికి మేడమ్?"
"ధనుర్వాతానికి. కంఠసర్పికి."
"కంఠసర్పి అంటే? పామా?"

నేను చేరిన ఏడు ఒక పిల్లాణ్ణి చూశాను,
మెడ ఎద్దు మెడలా వాచి,
గొంతులో బూడిదరంగు పొర.
పెద్దాసుపత్రి మెట్ల దాకా నేనే మోశాను.
అక్కడి దాకానే.

మేఘనకి చూపించడానికి
ఈ పేటలో ఇప్పుడు ఎవరూ దొరకరు.

"పాము లాంటిదే" అన్నాను.
"దూది గట్టిగా నొక్కి పట్టుకో.
నెక్స్ట్."