రెండు చెవుల పెనం

ఆదోని పాతబజారులో
ఖాజాబీ అంగడి ముందు గొంతుక్కూర్చున్నా.
మూడు పెనాలు. మూడూ పోత ఇనుమువే.

మొదటిది తళతళమంటాంది.
"అది రంగు. రొట్టెకెక్కుతాది" అనింది ఆమె.
రెండోదాన్ని వేలి కణుపుతో కొట్టింది.
ఖంగుమని మోగలే,
బీటిచ్చిన కుండ మాదిరి పలికింది,
యాడో సన్న నెర్రె.
మూడోది ఎత్తబోతే
జిన్నింగు మిల్లులో విరిగి అతుక్కున్న మణికట్టు
వద్దు వద్దని మూలిగింది.

"రెండో చెయ్యి యాడబోయింది?"
నవ్వి, పెనాన్ని తిప్పి
అవతలి చెవి చూపించింది.

ఇంటికి తెచ్చి కడిగి
నూనె రాసి, పొగ లేచేదాకా కాల్చి,
మళ్లీ రాసి,
సగం ఉల్లిగడ్డతో రుద్దినా.
మొదటి జొన్నరొట్టె ముక్కలైంది.
రెండోది కుక్క వాసన చూసి వదిలేసింది.
మూడోది నేనే తిన్నా,
ఎర్రకారం అద్దుకుని, ఎవరికీ చెప్పకుండా.

నెల తిరిగేసరికి
పెనం నల్లగా నిగనిగలాడింది.
రొట్టె నా మాట వినింది.
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగొచ్చిన ఈరమ్మ
బాగుందనీ అనలే, బాగలేదనీ అనలే.
ఇంకోటి ఎయ్యమనింది.

పెనానికి సబ్బు పెట్టొద్దని మాత్రం
రోజూ చెప్తానే ఉండా.
రోజూ పెడతానే ఉంది.